ముందొచ్చినవాడి మంట

వాంతి వచ్చేటట్టుంది గున్నమ్మకు. కోర్టు వరండాలో గోడకు చేరగిలబడి కూర్చుందే గాని ఆ గోడ నిండా కిళ్లీ ఉమ్ములు, ఎన్నేళ్ల నాటివో ఎండి నల్లబడ్డవి కొన్ని, పొద్దున్నే పడ్డవి కొన్ని, వాటి మీద ఎవడో ఇంత ఫినాయిలు చల్లి వదిలేశాడు, కడిగిన పాపాన పోలేదు. చేపల పేగులు తీసి, ఉప్పు రాసి, ఇసకలో ఎండబెట్టి బతికిన చేతులు తనవి. కంపంటే తెలియని మనిషి కాదు. నెత్తళ్ల తట్టతో నౌపడా బస్సెక్కితే ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు, తను లోలోపల నవ్వుకునేది, సాయంత్రం మీ పొయ్యి మీద ఉడికేది ఇదే కదమ్మా అని. ఆ కంపు అన్నం పెట్టే కంపు. ఇది వేరు. నల్లకోటు వకీళ్లు పక్కనుంచి పోతుంటే అత్తరూ చెమటా కలిసిన వాసన, క్యాంటీన్ నుంచి మరిగి మరిగి మాడిన నూనె వాసన, కానిస్టేబుళ్ల బూట్ల వాసన, అన్నీ ఒక్కసారే గొంతులోకి వస్తున్నాయి. పొద్దున టీ తప్ప ఏమీ పడలేదు కడుపులో. తన మొగుడు నూకయ్య లోపల సాక్ష్యం చెప్పడం అయిపోయింది. ఇక బంట్రోతు వచ్చి తన పేరు పిలవాలి. తను వెళ్లి బోనెక్కాలి, తన కూతురు అమ్మడును కాల్చి చంపాడని పట్టుకొచ్చిన లక్ష్ముడి ఎదురుగా నిలబడి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆ ముక్కల మీద అతన్ని ఉరి తీస్తారు.

నాలుగు కూడా కాదు, మూడే అన్నాడు సర్కారు వకీలు నరసింగరావు. నిన్న సాయంత్రం తన గదికి పిలిపించి, కుర్చీలో వెనక్కి వాలి, పళ్లు కుట్టుకుంటూ చెప్పాడు. "చూడమ్మా, అబద్ధం చెప్పమని నేను ఎవరికీ చెప్పను. ఆ మంట వేసింది లక్ష్ముడేనా? అవును. మీ ఇళ్లకు దగ్గరగా వేశాడా? అవును. మీకూ వాడికీ పగ ఉందా? అవును. అంతే. అడిగినదానికి జవాబు చెప్పి దిగిపో. ఎక్కువ మాట్లాడావంటే చెడిపోతుంది కేసు." చెడిపోవడమట. కేసు చెడిపోతుందని భయం ఆయనకు, పెరుగు చెడిపోతుందన్నట్టు. మూడూ నిజాలే. ఒక్కొక్కటీ పట్టుకు చూస్తే నిజమే. మూడూ కలిపితే మాత్రం అంత అబద్ధం ఈ లోకంలో ఇంకొకటి ఉండదు. ఈ చదువుకున్నవాళ్లు నిజాన్ని కూడా ఇలా వాడతారా అని అప్పుడు మొదలైంది కడుపులో తిప్పడం, ఇంకా ఆగలేదు. ఆయన పుల్ల తీసి చూసుకుని, పక్కన పారేసి, ఇంకొకటి తీసుకున్నాడు.

ఆ పక్క స్తంభం దగ్గర హెడ్డు కొండబాబు బీడీ కాలుస్తూ ఇంకో కానిస్టేబుల్‌తో మాట్లాడుతున్నాడు. పొద్దున్నుంచీ ఒకటే గోల అతనికి, ఉరి ఎలా తీస్తారో తను రాజమండ్రిలో పని చేసినప్పుడు చూశాడట. గున్నమ్మకు వినపడేలాగే చెబుతున్నాడు, ఏదో ఓదార్పు అనుకుంటున్నాడు కాబోలు. "ముందురోజే ఇసక బస్తా ఏలాడదీసి సూస్తారొరే. మనిషి బరువెంతో బస్తా అంతే. తాడు తెగకూడదు గదా. మెత్తగుండాలని తాడుకి ఎన్న రాస్తారు, అరిటిపండు గుజ్జు రాస్తారు. డాట్రు బాబు పక్కనే ఉండాల, ఆయన సెయ్యి పట్టుకుని సూసి పోనాడంటేనే పోనట్టు." గున్నమ్మ చెవులు మూసుకుందామనుకుంది. మూసుకోలేదు. వింది. వెన్నట, అరటిపండట. తమ పేటలో బాలింతకు కూడా వెన్న దొరకదు. అమ్మడుకు జ్వరం వచ్చిన ఆ వారంలో ఒక్క డాక్టరు కూడా భావనపాడు దాటి ఉత్తరాన వాళ్ల గంగమ్మపేటకు రాలేదు, ఇసకలో జీపు దిగబడుతుందన్నారు. చంపడానికి మాత్రం డాక్టరు తెల్లారకముందే వచ్చి నిలబడతాడు. తాడును ముందురోజే బస్తా కట్టి చూస్తారు, ఎక్కడా తప్పు జరగకూడదని. ఒడ్డున ఆ లాంతరును ఎవడైనా ఒక్కనాడు వెలిగించి చూశాడా? ఏ తుపానుకైనా ముందురోజు ఎవడైనా వచ్చి, వెలుగుతుందా, ఎంత దూరం కనిపిస్తుంది, అని చూశాడా? తూ.

సర్కారు లాంతరు. తెప్పలకు దారి చూపడానికని ఎలక్షన్ల ముందు కట్టారు. ఇటికల గద్దె, దాని మీద ఇనప స్తంభం, దాని మీద గాజు గది. మంత్రిగారొచ్చి తన చేత్తో వెలిగిస్తే పేటంతా చప్పట్లు కొట్టింది, అమ్మడు తన భుజం మీద కూర్చుని అమ్మా చుక్క చుక్క అని అరిచింది. ఎలక్షన్లయ్యాయి. కిరసనాయిలు రావడం మానేసింది. ఆడవాళ్లు నలుగురు టెక్కలి వెళ్లి అడిగితే, ఏటికేడు ఇచ్చే నిధి వేరే పద్దుకు మళ్లిందమ్మా అన్నాడు ఆఫీసులో ఒకాయన. ఏ పద్దుకని అడిగే తెలివి ఎవరికుంది. ఏనుగంత లారీలు రోజూ పార్వతీపురం వైపు పోతున్నాయి, కొండల్లో గొడవలట, రిజర్వు పోలీసులట, వాళ్లకు డేరాలు, వాళ్లకు బూట్లు, వాళ్లకు కోడిగుడ్లు. లాంతరు గాజును పిల్లలు రాళ్లతో కొట్టారు. ఆ స్తంభానికి ఇప్పుడు మేకల్ని కడుతున్నారు. ఇల్లు కాలిన మర్నాడు మధ్యాహ్నానికి ఫైరింజను వచ్చింది, ఎర్రగా నిగనిగలాడుతూ గంట కొట్టుకుంటూ వచ్చింది, బూడిద మీద నీళ్లు చల్లడానికి. వచ్చి ఇసకలో దిగబడింది. పేట మగవాళ్లే, చేతులు బొబ్బలెక్కినవాళ్లే, తాళ్లు కట్టి వల లాగినట్టు బయటకు లాగారు. గున్నమ్మ అప్పుడు ఏడవడం కూడా మానేసి ఆ బండినే చూసింది. దాని మీద ఉమ్మాలనిపించింది. నోట్లో తడి లేదు.

ఆ తరవాత పేటకు వచ్చింది పోలీసు ఔట్‌పోస్టు. ఇల్లు పోయినవాళ్లు చెట్ల కింద ఉంటే వాళ్లు రేకుల షెడ్డు వేసుకున్నారు. ఇసకలో దిగబడతాయన్న జీపులు వాళ్ల కోసం బాగానే తిరిగాయి. లాంతరు వెలిగించారా? లేదు. ఒడ్డున ఎవరూ మంట వెయ్యకూడదని హుకుం జారీ చేశారు. ఒడ్డున మంట లేకపోతే సందెచీకటిలో వచ్చే తెప్పకు మొగ ఎక్కడ కనిపిస్తుంది? ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ గట్టిగా రెండు తెప్పల వెడల్పు, అటూ ఇటూ ఇసక మేటలు. మేటకు తగిలిందంటే కెరటం తెప్పను తిరగేసి మనిషి మీద పడేస్తుంది. నెల తిరక్కుండా సోములు పోయాడు అలాగే. ఒడ్డున ఆడవాళ్లం అందరం నిలబడి, చేతిలో తాటాకు మోపులు పెట్టుకుని, పోలీసు లాఠీ అడ్డం పెడితే, ఇటు, ఇటు, అని చీకట్లోకి కేకలు పెట్టాం. గాలికి కేక వినపడదు. సోములు శవం భావనపాడు దగ్గర తేలింది. సోములును చంపినందుకు ఎవరికి తాడు పేనుతున్నారు? ఎవరికీ లేదు. దాన్ని ప్రమాదమన్నారు. పోలీసుల పంచనామాలో కెరటం చంపిందని ఉందట. కెరటాన్ని బోనెక్కించరు కదా.

లక్ష్ముడంటే గున్నమ్మకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. తాగితే నోటికి హద్దుండదు, పేటంతా కలిసి అలివి వల లాగిన రోజు చేపల వాటా పంచుకునేటప్పుడు నూకయ్యతో గొడవపడి, ఒడ్డు మీద అందరి ముందూ దొంగనాకొడకా అన్నాడు, నూకయ్య తెడ్డు ఎత్తాడు, జనం అడ్డుపడ్డారు. ఆనాటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. వాడి పెళ్లాం చిన్నతల్లి నీళ్ల దగ్గర ఎదురైతే తను మొహం తిప్పుకునేది. ఇవన్నీ నిజాలే, నరసింగరావు నిజాలు. లక్ష్ముడు ఉరికొయ్య మీద వేలాడుతుంటే ఎలా ఉంటుందో గున్నమ్మ ఎన్నిసార్లు ఊహించుకుందో. నాలుక బయటకు వచ్చి, కాళ్లు కొట్టుకుంటూ. ఊహించుకున్నప్పుడల్లా కాసేపు ఒళ్లు చల్లబడేది. ఆ తరవాతే రోత, తన మీద తనకే. నా బిడ్డ కాళ్లు కూడా అలాగే కొట్టుకుని ఉంటాయి కదా, ఈ కాళ్లు కొట్టుకుంటే ఆ కాళ్లు ఆగుతాయా? అమ్మడు పెరుగుతుందా, ఓణీ వేసుకుంటుందా, నాతో నౌపడా సంతకు వస్తుందా?

ఆ సాయంత్రం. వద్దనుకున్నా వస్తుంది అది, ఫినాయిలు కంపులోంచి కూడా పొగవాసన వస్తుంది. పడమట నుంచి గాలి. ఆకాశం మసకబడింది. తెప్పలన్నీ సముద్రం మీదే ఉన్నాయి. తను ఒడ్డుకు పరుగెత్తింది, అమ్మడు జ్వరంతో ఇంట్లో పడుకుంది, పక్కింటి ముసలామె అప్పుడప్పుడు తొంగి చూస్తానంది. ముందుగా ఒడ్డుకు తగిలింది లక్ష్ముడి తెప్ప. ముందొచ్చినవాడే మంట వెయ్యాలి, తాతల నాటి నుంచీ అంతే. చేపలు దించకముందే, తడి గోచీ పిండుకోకముందే, ఒడ్డున ఎవరి దడి దొరికితే వాళ్ల దడి పీకి, ఎండు తాటాకులు పోగేసి మంట వెయ్యాలి. వెనక వస్తున్నవాడు అన్నదమ్ముడా, పగవాడా అని చూడకూడదు. చూసినవాడి తెప్పకు గంగమ్మ దారివ్వదు. ఆ మంట కూడా ఎక్కడపడితే అక్కడ వెయ్యకూడదు, సరిగ్గా మొగకు ఎదురుగా వెయ్యాలి, సముద్రం మీదివాడు మంట కేసి తిన్నగా తెడ్డు వేసుకుని వచ్చేస్తాడు. ఇదివరకు మొగ సర్కారు లాంతరుకు ఎదురుగా ఉండేది, ఇళ్లకు దూరంగా. కిందటేటి వరదకు ఏరు ఒరుసుకుంటూ దక్షిణానికి జరిగింది, మొగ సరిగ్గా తమ వీధికి ఎదురుగా వచ్చి కూర్చుంది. పేటలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు ఆ సంగతి. పోలీసులకు తెలియదు. పాత బూడిద లాంతరు దగ్గరుంటే కొత్త మంట నూకయ్య ఇంటి ముందు ఎందుకు వేశాడయ్యా అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఏదో కనిపెట్టేసినట్టు. పాత చోట వేసి ఉంటే ఇల్లు కాలేది కాదు. వెనకొచ్చే తెప్పలు మేటకు కొట్టుకుని ఒక్కడూ మిగిలేవాడు కాదు. లాంతరు వెలిగి ఉంటే దాని చోటు అందరికీ తెలిసిందే, ఇంత దక్షిణానికి మొగ అని లెక్క చూసుకుని వచ్చేవారు, మంటతో పనే ఉండేది కాదు.

లక్ష్ముడు మంట వేస్తుంటే తను కూడా తాటాకులు అందించింది. మాటల్లేని మనిషికి. అతను ఆమె మొహం చూడలేదు, ఆమె అతని మొహం చూడలేదు, చేతులు మాత్రం పని చేశాయి. గాలి పడమట నుంచే, నిప్పురవ్వలన్నీ సముద్రం వైపే పోతున్నాయి. మంట తాటిచెట్టంత లేచింది. ఒక తెప్ప వచ్చింది, ఇంకొకటి వచ్చింది. అందరికన్నా వెనక నూకయ్య. కెరటం మీద నుంచి కేక వేశాడు, వచ్చేశానే, అని. ఆ కేక వినగానే కడుపు చల్లబడింది. అంతలో గాలి తిరిగింది. ఎవరో చేత్తో తిప్పినట్టు తిరిగింది, తూర్పు నుంచి విసురుగా. మంట వంగింది. రవ్వలు ఇళ్ల మీద పడ్డాయి. తాటాకు కప్పులు ఎంతసేపు. తను పరుగెత్తేసరికే తలుపు లేదు. లక్ష్ముడు లోపలికి దూకాడు, కప్పు కూలి బయటపడ్డాడు, మళ్లీ దూకాడు. మోచేతుల దాకా కాలిపోయాయి. ఆ కాలిన చేతులే ఇప్పుడు కోర్టులో రుజువు, నిప్పు పెట్టినవాడి చేతులు కాక ఎవరి చేతులు కాలతాయి అని. దేవుడా. ఏం మనుషులు వీళ్లు, ఏం తింటారు?

నూకయ్యకూ తెలుసు. ఆ సంగతి తలుచుకుంటేనే గున్నమ్మకు మొగుడి మీద కూడా రోత, జాలి, ఏదో రెండూ కలిసిన పుండు. అతను తెడ్డు వేసుకొచ్చింది ఆ మంట కేసే. బిడ్డను కాల్చిన మంట తన కోసం వేసిందే. ఆ మాట ఒక్కసారి ఒప్పుకుంటే అతను ఎలా నిద్రపోతాడు, ఎలా అన్నం తింటాడు? లక్ష్ముడు పగతో పెట్టాడని అనుకుంటే బతకొచ్చు. అందుకని అలాగే అనుకున్నాడు, ఇన్‌స్పెక్టరు చెప్పాడని కాదు. ఇన్‌స్పెక్టరుకు ఆ మాట వేరే విధంగా కావాలి. హత్య అయితే లాంతరు గురించి ఎవడూ అడగడు. ప్రమాదం అయితే అడుగుతారు, కిరసనాయిలు ఏమైంది, ఫైరింజను ఎందుకు లేదు అని. పేట పెద్ద సూరయ్య కూడా చెట్టు కిందకు అందర్నీ పిలిచి అదే అన్నాడు. "ఒక్కడు పోతే పోనాడు. సర్కారోళ్లతో మనకెందుకు? కాదూ కూడదంటే మంట ఏసినోళ్లందర్నీ లోపలేస్తారు. కొత్త ఇళ్లు కూడా ఇవ్వరు."   లక్ష్ముడి మంట చూసి ఒడ్డుకు చేరినవాళ్లే అందరూ, తలలు వంచుకుని ఇసకలో గీతలు గీశారు, తనూ గీసింది. ఒక్కణ్ణి ఉరి తీస్తే సర్కారూ కడుక్కుంటుంది, పేటా కడుక్కుంటుంది. ఫినాయిలు చల్లినట్టే, కింద ఉమ్ము అలాగే ఉంటుంది.

నిన్న బస్సులో నూకయ్య చెప్పాడు, కిటికీలోంచి బయటకు చూస్తూ. "ఒసే, ఆడి పక్కన ఒక్క మాట సెప్పినావంటే మరి నా గడప తొక్కకు. అమ్మడి మీద ఒట్టు." గడప ఎక్కడుందయ్యా, కాలిపోయింది కదా, అనబోయి ఊరుకుంది. అమ్మడి మీద ఒట్టట. బతికున్నప్పుడు ఏ ఒట్టూ ఆ పిల్ల మీద వెయ్యనిచ్చేది కాదు తను.

ఎవరో ముందుకొచ్చి నిలబడ్డారు. పసుపు తాడు తప్ప ఏమీ లేని మెడ, చంకలో పిల్ల. చిన్నతల్లి. చేతిలో ముంత.

"అక్కా, పొద్దుటేల నుంచీ సూస్తన్నాను. ఏటీ తాగనేదు నువ్వు. నీళ్లు తాగు."

గున్నమ్మ ముంత కేసి చూసింది. హెడ్డు కొండబాబు బీడీ పారేసి ఇటు వచ్చాడు. "ఏయ్, సాక్షులతో మాటాడకూడదు. ఎల్లెల్లు."

"నానేటీ అడగనేదు బాబూ," అంది చిన్నతల్లి. "దాహానికే." గున్నమ్మ వైపు తిరిగి, చాలా మెల్లగా, "అమ్మడు నన్ను సిన్నమ్మా అనేది, నువ్వు సూడనప్పుడు. నువ్వేటి సెప్పినా నాను నిన్ను తిట్టనే అక్కా," అంది. ముంత నేల మీద పెట్టి వెళ్లిపోయింది. దాని చంకలో పిల్ల వెనక్కి తిరిగి గున్నమ్మనే చూస్తూ పోయింది. తిట్టదట. తిడితే బాగుండును. ఇద్దరూ జుట్లు పట్టుకుని ఈ వరండాలో పొర్లి కొట్టుకుంటే బాగుండును. నీళ్లు తాగింది గున్నమ్మ. చల్లగా ఉన్నాయి. ఆ నీళ్లు కూడా పైకి వచ్చేశాయి, వరండా అంచుకు పరుగెత్తి మెట్ల పక్కన కక్కుకుంది. ఒక వకీలు ఛీ అని కోటు ఎత్తి పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. ఛీ అంటున్నాడు. నన్ను చూసి ఛీ అంటున్నాడు వాడు.

అప్పుడు పిలిచాడు బంట్రోతు, గున్నమ్మా, గున్నమ్మా, గున్నమ్మా, అని.

లోపల పంకా తిరుగుతోంది. జడ్జిగారు ఎత్తుగా కూర్చున్నారు, కళ్లద్దాల వెనక కళ్లు అలిసిపోయి ఉన్నాయి, చెడ్డ మొహం కాదు. ఎదురు బోనులో లక్ష్ముడు. ఎంత చిక్కిపోయాడు! మోచేతుల దగ్గర తోలు గులాబీరంగులో ముడతలు పడి మెరుస్తోంది. అతను ఆమె మొహం చూడలేదు. ప్రమాణం చేయించారు. నరసింగరావు లేచి గొంతు సవరించుకున్నాడు. మంట ఎవరు వేశారు? లక్ష్ముడు బాబూ. మీ ఇళ్లకు దగ్గరగానేనా? దగ్గరగానే. మీకూ అతనికీ పగ ఉందా? ఉందండి. చాలు, అని కూర్చున్నాడాయన, చెయ్యి కడుక్కున్నవాడిలా. లక్ష్ముడి తరఫున సర్కారే పెట్టిన కుర్రవకీలు సగం లేచి, అడగాల్సిందేమీ లేదండి, అని మళ్లీ కూలబడ్డాడు. సముద్రం చూసిన మొహం కాదు వాడిది. ఏమడగాలో వాడికేం తెలుసు.

"దిగమ్మా," అన్నాడు బంట్రోతు.

గున్నమ్మ దిగలేదు. బోను కర్రను పట్టుకుంది. నోరు ఇంకా చేదుగా ఉంది. మూడు నిజాలూ బయటకు వచ్చేశాయి గాని కడుపులో తిప్పడం ఆగలేదు. ఇంకా ఏదో ఉంది లోపల.

"బాబూ," అంది జడ్జిగారితో. "అసలు మాట మీరెవులూ అడగనేదు."

నరసింగరావు లేచాడు. "అవసరం లేదండి, ఆవిడ సాక్ష్యం..."

జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. "ఏమిటమ్మా అసలు మాట?"

"ఎవులి కోసం ఏసినాడని అడగనేదు. ముందొచ్చినోడు ఎనకటోడి కోసం ఏస్తాడు బాబూ, అది మా గంగమ్మ కట్టడి. ఏరు మళ్లింది, మొగ మా ఈదికెదురుగొచ్చింది, మంట అక్కడే ఎయ్యాల. నానే తాటాకులందించినాను. లాంతరెలిగుంటే ఈ మంటే నేదు." నరసింగరావు కేసి తిరిగింది. "ఆ సీకట్లో ఆఖర్న ఒచ్చిన తెప్ప ఎవులిదో అడగండి. ఆ మంట నేకపోతే సచ్చిపోయేవోడు ఎవుడో అడగండి. ఎనక బెంచీ మీద కూకున్నాడు. ఆడు నా పెనివిటి."

హాల్లో అందరూ వెనక్కి తిరిగి నూకయ్యను చూశారు.